ఫ్రంట్ లోడర్ బిగించిన ట్రాక్టర్, వాలు నేల: వెనక బరువు ఎలా పెట్టాలి?

అందరికీ నమస్తే. ఉండేది మెహదీపట్నంలో, మామిడి తోట శంకర్‌పల్లి దగ్గర. 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్‌కి ఈమధ్యే ఫ్రంట్ లోడర్ (ముందు బకెట్‌తో ఎత్తిపోసేది) బిగించాం, పశువుల ఎరువు, మొరం ఎత్తడానికి. నేల ఒకవైపు బాగా వాలు, మధ్యమధ్య బండలు.

బకెట్ నిండితే వెనక టైర్లు తేలిపోతున్నాయి. బ్రేకులు ఉండేది వెనక చక్రాలకే కదా, అవి నేలను పట్టకపోతే దిగుడులో బండి ఎలా ఆగుతుంది? అందుకే నిండు బకెట్‌తో రివర్స్‌లో దిగమని, బకెట్ నేలకు జానెడు ఎత్తు దాటనివ్వద్దని, కుడి, ఎడమ చక్రాలకు వేరుగా ఉండే రెండు బ్రేక్ పెడళ్లూ కలిపి లాక్ చేయమని డ్రైవర్‌కి చెప్పాను. "నాకు తెల్వదా సార్" అంటాడు. ఆయన ఇన్నేళ్లూ నడిపింది ట్రాలీ, రోటవేటరే, లోడర్ కాదు!

వెనక టైర్లలో నీళ్లు నింపితే చాలని మెకానిక్ మాట. దానివల్ల వెనక పట్టు పెరుగుతుంది గానీ ముందు ఇరుసు మీది భారం తగ్గదు కదా. భారం తగ్గాలంటే వెనక ఇరుసుకు అవతల బరువు వేలాడాలి. రోటవేటర్ తగిలించి ఉంచితే సరిపోతుందా, కాంక్రీట్ దిమ్మ పోయించాలా? ఎన్ని కిలోలు?

ఇంకోటి, ముందు ఇరుసు మధ్య పిన్ను మీద ఊగుతుంది కాబట్టి పక్కకు ఒరిగితే ముందు చక్రాలు మొదట్లో ఆపవు. వెనక చక్రాల వెడల్పు పెంచినవాళ్లున్నారా? తేడా తెలిసిందా?

రోల్ బార్ (బోల్తా పడితే డ్రైవర్ నలగకుండా కాపాడే ఇనుప చట్రం), సీటు బెల్టు కూడా పెట్టించాలి. పాత ట్రాక్టర్‌కి సరిపోయేది రాణీగంజ్‌లో దొరుకుతుందా, కంపెనీ డీలర్ దగ్గరే తీసుకోవాలా? ఊళ్లో వెల్డింగ్ చేయించడం నాకు నమ్మకం లేదు.