12వ జట్టు కావాలా, శుక్రవారం మూడో కారు కావాలా? రిజర్వ్ డ్రైవర్లపై చర్చ

గ్రిడ్ 22 (చర్చ మొదలుపెట్టినవారు):

ఫార్ములా వన్‌లోకి 2026 సీజన్‌తో క్యాడిలాక్ 11వ జట్టుగా వచ్చింది. 2016 తర్వాత మళ్లీ గ్రిడ్ (రేసు మొదలయ్యే వరుస) మీద 22 కార్లు. కొత్త జట్టు వస్తే కుర్రాళ్లకు దారి దొరుకుతుందని తర్వాత క్యాడిలాక్‌గా మారిన ఆండ్రెటి జట్టు దరఖాస్తు పెట్టినప్పటి నుంచి వింటూనే ఉన్నాం. తీరా ఆ రెండు సీట్లూ సెర్జియో పెరెజ్‌కు, వాల్తెరి బొటాస్‌కు వెళ్లాయి. తొలి ఏడాది అనుభవం కావాలనుకున్న జట్టును తప్పుపట్టలేం. కాని ఆ సీజన్‌కు పూర్తిగా కొత్త ముఖం ఆర్విడ్ లిండ్‌బ్లాడ్ ఒక్కడే. అతనికి సీటిచ్చింది కూడా ఎప్పటినుంచో ఉన్న రేసింగ్ బుల్స్.

ఇక్కడ చాలామంది 12వ జట్టు కూడా రావాలంటున్నారు. నేను ఒప్పుకోను. సీట్లు పెంచినంత మాత్రాన రిజర్వ్ డ్రైవర్ల (అసలు డ్రైవర్ రాలేనప్పుడు ఎక్కేవాళ్ల) కష్టం తీరదు. వాళ్లకు కావలసింది కారులో గడిపే సమయం. అందుకు ఒకప్పటి శుక్రవారం మూడో కారును తిరిగి తేవాలి. 2004 నుంచి 2006 వరకు, అంతకుముందు ఏడాది మొదటి నాలుగు స్థానాల్లో లేని జట్లు శుక్రవారం ప్రాక్టీసులో మూడో కారు దింపేవి. 2006లో ఇస్తాంబుల్‌లో 19 ఏళ్ల సెబాస్టియన్ వెటెల్ బీఎండబ్ల్యూ సాబర్ మూడో కారులో తొలిసారి కూర్చుని, ఆ రోజు రెండో సెషన్‌లో అందరికంటే వేగంగా తిరిగాడు. మరుసటి ఏడాది మాంట్రియల్‌లో ఆ జట్టు డ్రైవర్ రాబర్ట్ కుబిత్సాకు ఘోర ప్రమాదం జరిగింది. తర్వాతి రేసు ఇండియానాపొలిస్‌లో అతని సీటులో వెటెల్ కూర్చుని 8వ స్థానంలో వచ్చాడు, ఒక పాయింటు తెచ్చాడు. ఆ జట్టు ఇంజనీర్ల గొంతులు, ఆ గ్యారేజీ పని పద్ధతి అతనికి అప్పటికే అలవాటు.

దీనికి పక్కనే లూకా బదోయెర్‌ను పెట్టి చూడండి. 2009లో హంగరీలో ఫెలిపె మాసా తలకు గాయమైతే, ఏళ్ల తరబడి ఫెరారీ టెస్ట్ డ్రైవర్‌గా ఉన్న బదోయెర్‌ను పిలిచారు. ఆయన చివరిగా రేసు నడిపింది 1999లో. పైగా 2009లోనే సీజన్ మధ్య పరీక్షలను నిషేధించారు. వలెన్సియాలో గ్రిడ్ మీద చివరివాడు, రేసు ముగించినవాళ్లలోనూ చివరివాడే. స్పాలోనూ అంతే. రెండు రేసులకే ఇంటికి పంపేశారు. ఫెరారీ కారును తీర్చిదిద్దడానికి వేల కిలోమీటర్లు తిరిగిన మనిషి పేరు చెబితే ఈ తరానికి ఆ రెండు ఆదివారాలే గుర్తొస్తాయి. అది అన్యాయం.

పాత జోర్డాన్ అభిమాని:

గ్రిడ్ 22 గారూ, మీరు చెప్పిన ఉదాహరణలన్నీ పెద్ద జట్లవే. అసలు ప్రత్యామ్నాయ డ్రైవర్లలో అందరికంటే పెద్ద పేరు ఎవరిది? మైకేల్ షూమాకర్‌ది. 1991లో బెర్ట్రాండ్ గాషో లండన్‌లో టాక్సీ డ్రైవర్‌తో గొడవపడి జైలుకు వెళ్లాడు. ఖాళీ అయిన సీటులో స్పాలో షూమాకర్ కూర్చున్నాడు, గ్రిడ్ స్థానాలు తేల్చే క్వాలిఫైయింగ్‌లో 7వ స్థానం తెచ్చుకున్నాడు. రేసులో మొదటి ల్యాప్‌లోనే క్లచ్ పోయింది. అయినా తర్వాతి రేసుకల్లా బెనెటన్ ఎత్తుకుపోయింది. ఆ సీటు ఏ జట్టుది? జోర్డాన్‌ది. జోర్డాన్‌కు ఫార్ములా వన్‌లో అదే మొదటి ఏడాది! ఆ రోజుల్లో కొత్త జట్లకు తలుపులు మూసేసి ఉంటే షూమాకర్‌కు ఆ వారాంతం ఎక్కడ దొరికేది?

చిన్న జట్లు లేకపోతే మన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ మొహం చూసేవాడు కాదు. అదీ జోర్డాన్ సీటే. అలోన్సో మొదలైంది మినార్డీలో. రిక్కియార్డో 2011లో సిల్వర్‌స్టోన్ నుంచి హెచ్‌ఆర్‌టీలో నడిపాడు. ఒకాన్ 2016లో మేనర్‌లో వచ్చాడు. శుక్రవారం తిరిగే కారు పాయింట్లు తేదు, ఆదివారం ఎవరికీ కనిపించదు. రేసు నడిపితేనే రేసర్ తెలుస్తాడు. నిబంధనలు 22 కంటే ఎక్కువ కార్లనే ఒప్పుకుంటున్నాయి. మరి ఎందుకు ఆపాలి?

ఖర్చుల లెక్క:

జోర్డాన్ గారూ, మీరు చెప్పిన జట్లలో ఇప్పుడు ఎన్ని మిగిలాయి? 2010లో మూడు కొత్త జట్లు వచ్చాయి. హెచ్‌ఆర్‌టీ 2012తో ముగిసింది. లోటస్‌గా మొదలైన కేటర్‌హామ్ 2014లో చివరి రేసు అబుదాబికి వెళ్లడానికి అభిమానుల దగ్గర చందాలు పోగుచేసుకుంది. వర్జిన్‌గా వచ్చి మేనర్ అయిన మూడోది 2016 తర్వాత మూతపడింది. హెచ్‌ఆర్‌టీ 2011లోనూ 2012లోనూ మెల్‌బోర్న్‌లో 107 శాతం హద్దు (క్వాలిఫైయింగ్‌లో అత్యంత వేగమైన సమయానికి 107 శాతం లోపు ల్యాప్ తిరగాలన్న నియమం) లోపలికి రాలేక రేసు మొదలే పెట్టలేదు. అలాంటి కారులో కుర్రాడిని కూర్చోబెట్టి అతని గురించి ఏం తెలుసుకుంటాం? జీతాలు అందని మెకానిక్‌ల సంగతి ఎవరు చూస్తారు?

ఫార్ములా వన్‌కూ జట్లకూ మధ్య కుదిరిన 2021 ఒప్పందంలో కొత్త జట్టు కట్టాల్సిన రుసుము 20 కోట్ల డాలర్లు. క్యాడిలాక్ విషయానికి వచ్చేసరికి అది 45 కోట్ల దాకా పెరిగిందని వార్తలు వచ్చాయి. ఆ డబ్బు ఉన్న జట్లు వస్తే మంచిదే. కాని అంత పెట్టుబడి పెట్టినవాడు మొదటి ఏడాది కుర్రాడితో పందెం కాయడు. క్యాడిలాక్ చేసింది అదే.

గ్రిడ్ 22 గారి మూడో కారుకూ నేను వ్యతిరేకినే. 2006లో జట్ల ఏడాది ఖర్చుకు పరిమితి లేదు. ఇప్పుడు ఉంది. మూడో కారు అంటే మూడో చాసిస్ (కారు చట్రం), ఇంకో సెట్ టైర్లు, దాన్ని చూసుకునే మనుషులు. శుక్రవారం గోడకు కొడితే విరిగిన ఫ్రంట్ వింగ్ డబ్బు ఎవరిది?

హుస్సేన్‌సాగర్ మలుపు:

ఫార్ములా వన్ దాటి కూడా చూడాలి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు హుస్సేన్‌సాగర్ పక్కన జనమంతా వెర్న్ గెలుపు గురించి, మలుపు దగ్గర రెండు జాగ్వార్లు ఒకదాన్నొకటి గుద్దుకోవడం గురించి మాట్లాడుకున్నారు. నేను అబ్ట్ కుప్రా కారును చూస్తూ కూర్చున్నాను. మహీంద్రా మోటారుతో నడిచే కారు అది. మెక్సికోలో రాబిన్ ఫ్రైన్స్ మణికట్టు విరగడంతో అందులో కెల్విన్ వాన్ డెర్ లిండే ఉన్నాడు. అతను జీటీ కార్ల మనిషి. ఆ ఏడాదే మూడో తరం కార్లు కొత్తగా వచ్చాయి, అలవాటైనవాళ్లకే బ్రేకులు సరిగా పట్టుబడలేదు. ఒకే రోజులో క్వాలిఫైయింగ్, రేసు. రెండు పక్కలా కాంక్రీటు గోడలు. తెలియని కారుతో ఆ గోడల మధ్య రేసు నడపడానికి ఎంత ధైర్యం కావాలో దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తుంది.

అదే పోటీలో 2024లో మొనాకోలో సామ్ బర్డ్ చేతికి గాయమైతే టేలర్ బర్నార్డ్ మెక్‌లారెన్‌లో నడిపాడు. బెర్లిన్‌లో రెండు రేసుల్లోనూ పాయింట్లు తెచ్చాడు. తర్వాతి సీజన్‌కు అతనికి పూర్తి సీటు ఇచ్చారు. అప్పుడు అక్కడ ఉన్నవి 22 కార్లే. ఆడేవాళ్ల సంఖ్య కంటే, వచ్చిన కుర్రాడిని నమ్మే జట్టు ఉందా లేదా అన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది.

పిట్ గోడ:

మీరందరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. 2020 సాఖీర్ రేసుకు మెర్సిడెస్ డ్రైవర్ హామిల్టన్‌కు కోవిడ్ వచ్చింది. మెర్సిడెస్ రిజర్వ్ డ్రైవర్ స్టొఫెల్ వాండూర్న్. మరి ఎవరిని కూర్చోబెట్టారు? విలియమ్స్ నుంచి జార్జ్ రసెల్‌ను తెచ్చారు. రిజర్వ్ అని పేరు పెట్టి, అవసరం వచ్చిన రోజున పక్క జట్టు వాడిని పిలిస్తే ఆ పదవికి అర్థమేమిటి?

ఆ వారాంతం మరచిపోలేనిది. రసెల్ పొడగరి, కాళ్లు ఇరుకవుతున్నాయని ఒక సైజు చిన్న బూట్లు వేసుకుని ఎక్కాడు. క్వాలిఫైయింగ్‌లో బొటాస్ కంటే 0.026 సెకన్లు మాత్రమే వెనుక. రేసులో ముందుకు దూకి నడిపిస్తున్నాడు. విలియమ్స్‌లో రసెల్ వదిలిన సీటులో కూర్చున్న జాక్ ఐట్‌కెన్ చివరి మలుపులో అదుపు తప్పి ముందు రెక్క పోగొట్టుకోవడంతో, అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కార్ వచ్చింది. ఆ హడావిడిలో మెర్సిడెస్ బొటాస్ టైర్లను రసెల్ కారుకు తగిలించింది. మళ్లీ పిట్‌లోకి రావాల్సి వచ్చింది. అయినా రెండో స్థానం దాకా ఎగబాకాడు, అప్పుడు టైరు గాలి పోయింది. చివరికి 9వ స్థానం. గెలిచింది పెరెజ్. ఒక ప్రత్యామ్నాయ డ్రైవర్ గెలుపు అవకాశం, అతని స్థానంలో వచ్చిన ఇంకో ప్రత్యామ్నాయ డ్రైవర్ పొరపాటుతో చేజారడం మొదలై, గ్యారేజీ పొరపాటుతో పోయింది.

గ్రిడ్ 22:

పిట్ గోడ గారు చెప్పింది నా వాదనకే బలం. వాండూర్న్‌ను ఎందుకు కాదన్నారు? రసెల్ ఆ సీజన్ అంతా రేసులు నడుపుతున్నాడు, వాండూర్న్ ఎక్కువగా సిమ్యులేటర్‌లో ఉన్నాడు. రిజర్వ్ డ్రైవర్ ప్రతి శుక్రవారం ఆ కారులో తిరుగుతూ ఉంటే మెర్సిడెస్‌కు పక్క గ్యారేజీ వైపు చూడాల్సిన పని పడేది కాదు.

జోర్డాన్ గారూ, రేసు నడిపితేనే తెలుస్తుందన్నారు. ఒక్క రేసుతో ఏం తెలుస్తుంది? 2022 మోంజాలో ఆల్బన్‌కు అపెండిసైటిస్ వస్తే నిక్ డి వ్రీస్ విలియమ్స్‌ను 9వ స్థానంలో నిలిపాడు. నేరుగా సాగే దారుల్లో విలియమ్స్ వేగం బాగుండే చోటు అది. ఆ ఒక్క ఫలితంతో ఆల్ఫాటౌరి సీటు వచ్చింది, 2023లో 10 రేసులకే పోయింది. ఫ్రాంకో కొలపింటో 2024లో విలియమ్స్‌లో సార్జెంట్ స్థానంలో వచ్చి, రెండో రేసు బాకూలోనే 8వ స్థానంలో నిలిచాడు. 2025లో డూహన్‌ను ఆరు రేసులకే పక్కనపెట్టి ఆల్పీన్ అతన్ని దింపింది, సీజన్ ముగిసేసరికి అతని ఖాతాలో ఒక్క పాయింటు లేదు. ఫిసికెల్లా అయితే 2009 స్పాలో ఫోర్స్ ఇండియాతో రెండో స్థానంలో వచ్చి, బదోయెర్ స్థానంలో ఫెరారీ ఎక్కి ఐదు రేసుల్లో సున్నా. ఒక ఆదివారం చూసి ఆకాశానికెత్తుతాం, మరో ఆదివారం చూసి పాతాళానికి తొక్కుతాం. శుక్రవారాలు 15 చూస్తే జట్టుకు నిజం తెలుస్తుంది.

పాత జోర్డాన్ అభిమాని:

మరి ఆలివర్ బేర్మన్ సంగతి? 2024లో జెడ్డాలో ఫెరారీ డ్రైవర్ కార్లోస్ సైన్స్‌కు అపెండిసైటిస్ ఆపరేషన్. 18 ఏళ్ల బేర్మన్ అప్పటికే కింది స్థాయి పోటీ ఫార్ములా టూలో పోల్ పొజిషన్ (గ్రిడ్ మీద మొదటి స్థానం) సంపాదించి ఉన్నాడు, దాన్ని వదిలేసి ఫెరారీ ఎక్కాడు. క్వాలిఫైయింగ్‌కు ముందు దొరికింది మూడో ప్రాక్టీస్ ఒక్కటే, ఒక గంట. చివరి దశకు 0.036 సెకన్లతో దూరమై 11వ స్థానం నుంచి మొదలుపెట్టి, చివరి ల్యాపుల్లో కొత్త సాఫ్ట్ టైర్లతో వెనుక ఉన్న నోరిస్‌ను, హామిల్టన్‌ను దగ్గరికి రానివ్వకుండా 7వ స్థానంలో ముగించాడు. 15 శుక్రవారాలు అతనికి ఎవరిచ్చారు? సత్తా ఉన్నవాడికి ఒక్క గంట చాలు.

ఖర్చుల లెక్క:

బేర్మన్ 2023లోనే హాస్ కారులో శుక్రవారం సెషన్లు నడిపాడు, జోర్డాన్ గారూ. ఒక్క గంటతో వచ్చినవాడు కాదు. ఆ విషయంలో గ్రిడ్ 22 గారితో నేనూ ఏకీభవిస్తాను. కాని ఆ అనుభవం ఇప్పుడున్న నియమంతోనే దొరుకుతోంది కదా. 2025 నుంచి ప్రతి జట్టు ఏడాదికి నాలుగుసార్లు మొదటి ప్రాక్టీస్ సెషన్ కొత్తవాళ్లకు ఇవ్వాలి. దాన్ని ఆరు చేయండి, మూడో కారు గొడవే ఉండదు.

గ్రిడ్ 22:

ఆరు చేస్తే ఆ ఆరుసార్లూ అసలు డ్రైవర్ తన కారు వదులుకోవాలి. అందుకే జట్లు ఆ సెషన్లను ఎక్కడ నష్టం తక్కువో అక్కడ వాడుకుంటాయి. కుర్రాడికి చెప్పేది కూడా ఒకటే: గోడకు తగిలించకు, అసలు డ్రైవర్‌కు కారు క్షేమంగా అప్పగించు. అలా భయపడుతూ తిరిగిన ల్యాపులు లెక్కకు మాత్రమే. మూడో కారు ఉంటే ఎవరి సమయమూ ఎవరూ తీసుకోరు. స్ప్రింట్ వారాంతాల్లో (అదనంగా ఒక చిన్న రేసు ఉండేవాటిలో) ఒక్క ప్రాక్టీసే కాబట్టి అక్కడ వద్దు. చాసిస్ అంతకుముందు ఏడాదిది వాడుకోనివ్వండి, అప్పుడు ఖర్చు సగం సమస్య తీరుతుంది.

హుస్సేన్‌సాగర్ మలుపు:

ఎవరు నడపాలన్నది తేల్చండి ముందు. ఇప్పటి నియమం ప్రకారం రెండు గ్రాండ్ ప్రిలకు మించి నడిపితే కొత్తవాడు కాదు. ఆ హద్దు తీసేస్తే 2025లో మెర్సిడెస్ రిజర్వ్‌గా ఉన్న బొటాస్ లాంటివాళ్లే ఆ కారు కూడా నడుపుతారు. ఉంచితే, 2011లో ట్రుల్లి స్థానంలో జర్మనీలో ఒక్క రేసు నడిపి ఆగిపోయిన మన కరుణ్ చందోక్ లాంటివాళ్లకు అందదు, అతను అంతకుముందు ఏడాదే హెచ్‌ఆర్‌టీలో 10 రేసులు నడిపేశాడు.

గ్రిడ్ 22:

హద్దు 12 రేసులు పెడదాం. ఆ సీజన్‌లో ఏ జట్టులోనూ రేసు సీటు లేకపోవాలి. అప్పుడు చందోక్ లాంటివాడూ డూహన్ లాంటివాడూ లోపలికి వస్తారు, బొటాస్ రాడు.

ఖర్చుల లెక్క:

12 రేసుల హద్దుకు నాకు అభ్యంతరం లేదు. పాత చాసిస్ మాత్రం కుదరదు. 2026లో కార్ల కొలతలు, ఇంజన్లు మొత్తం మారాయి. 2025 కారులో తిరిగితే కుర్రాడికి కొత్త కారు తెలియదు, జట్టుకూ పనికొచ్చే సమాచారం రాదు. కొత్త చాసిసే కావాలి. ఆ డబ్బు పరిమితిలోపలే ఉండాలి. బయట పెట్టనిస్తే పెద్ద జట్లు కుర్రాడి పేరు చెప్పి కొత్త విడిభాగాలన్నీ ఆ కారులోనే పరీక్షించుకుంటాయి.

పాత జోర్డాన్ అభిమాని:

మూడో కారు వచ్చినా రాకపోయినా 12వ జట్టుకు నా ఓటు అలాగే ఉంటుంది. శుక్రవారం 15 సార్లు తిరిగి అందరినీ మెప్పించిన కుర్రాడికి ఆదివారం సీటు ఎక్కడి నుంచి తెస్తారో మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.