మార్కులు బాగున్నాయంటూ స్కూలు వాళ్లు ఒప్పుకోవడం లేదు: మానసిక ఆందోళన ఉన్న బాబుకు స్పెషల్ ఎడ్యుకేషన్ ఎలా అడగాలి?

ప్రశ్న: నాలుగో తరగతి బాబు తల్లి, డాలస్ దగ్గర

నమస్కారమండి. మా బాబుకు తొమ్మిదేళ్లు. లెక్కల్లోనూ చదవడంలోనూ తరగతిలో ముందుంటాడు కానీ, గత జనవరి నుంచి స్కూలు పేరెత్తితే చాలు కడుపునొప్పి అంటున్నాడు. పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, కడుపులో ఏ లోపమూ లేదని, ఇది ఆందోళన వల్ల వస్తున్నదని చెప్పి థెరపిస్టు దగ్గరకు పంపారు. మొన్న మంగళవారం ఉదయం ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండో బూటు ఒళ్లో పెట్టుకుని, మెట్ల మీద ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. బస్సు వచ్చి వెళ్లిపోయింది. తరగతిలో ఎవరైనా తన పనిలో తప్పు చూపిస్తే కాగితం చింపేసి బల్ల కింద దూరిపోతాడు. వెంటనే ఆఫీసు నుంచి నాకు ఫోను వస్తుంది, వచ్చి తీసుకువెళ్లమంటారు. ఈ రెండు నెలల్లో ఏడుసార్లు అలా వెళ్లాను.

స్పెషల్ ఎడ్యుకేషన్ కోసం పరీక్షించమని టీచరును రెండుసార్లు అడిగాను. మార్కులు బాగున్నాయి కనుక అర్హత రాదని, ముందు కొన్ని వారాలు తరగతిలోనే అదనపు సాయం చేసి చూస్తామని అన్నారు. గుంటూరులో ఉన్న మా అత్తగారు పిల్లవాడి మీద ముద్ర వేయించవద్దని, పెద్దయితే అన్నీ సర్దుకుంటాయని అంటున్నారు. ఎవరికి, ఏమని రాయాలో తెలిసినవారు చెప్పగలరా?

జవాబు 1: ఇదే దారిలో నడిచిన ఒక తల్లి, ప్లేనో

మా అమ్మాయి విషయంలో నేను ఒక విద్యా సంవత్సరం మొత్తం పోగొట్టుకున్నాను. దానికి కారణం, అడిగినదంతా నోటిమాటగా అడగడమే. మీరు ఈరోజే ప్రిన్సిపాల్‌కూ, మీ స్కూల్ డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకూ ఒకే ఈమెయిల్ పంపండి. టెక్సస్‌లో ఇలా రాతపూర్వకంగా అడిగితే, వాళ్లు 15 పాఠశాల దినాల్లోపు మీరు సంతకం చేయాల్సిన సమ్మతి పత్రమైనా మీకు ఇవ్వాలి, లేదా ఎందుకు పరీక్షించబోమో కారణాలతో రాతపూర్వకంగానైనా చెప్పాలి. మీరు సంతకం చేసిన నాటి నుంచి పరీక్ష నివేదిక పూర్తి చేయడానికి 45 పాఠశాల దినాలు, ఆ తర్వాత ఆర్డ్ మీటింగ్ (అర్హతనూ సేవలనూ నిర్ణయించే సమావేశం) పెట్టడానికి 30 రోజులు గడువు ఉంటుంది. ఇందుకు మీకు పైసా ఖర్చు ఉండదు.

ఉత్తరంలో బతిమాలుకోవద్దు, కోప్పడవద్దు. మీరు పైన రాసిన బూటు సంగతి, బల్ల సంగతి, డాక్టరు చెప్పిన మాట తేదీలతో సహా రాయండి, అవే చాలు. ఇకమీదట ఫోను వచ్చిన ప్రతిసారీ ఇంటికి రాగానే, "ఈరోజు 11:40కి ఫోను చేసి బాబును తీసుకువెళ్లమన్నారు, తీసుకువచ్చాను" అని ఆఫీసుకు రెండు ముక్కలు ఈమెయిల్ చేయండి. ఆర్డ్ మీటింగులో మా టీచరు ఇలాంటివి ఎప్పుడో ఒకసారి జరిగాయని అన్నప్పుడు, నేను పద్నాలుగు ఈమెయిళ్లు అచ్చు తీసి బల్ల మీద పెట్టాను.

జవాబు 2: స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు, హ్యూస్టన్

మార్కులు బాగుంటే అర్హత ఉండదన్న మాట సరైనది కాదని ఈ వృత్తిలో ఉన్న మనిషిగా గట్టిగా చెబుతున్నాను. పిల్లవాడు ఒక్క సబ్జెక్టులోనూ ఫెయిల్ కాకుండా పై తరగతులకు వెళుతున్నా సరే, అవసరం ఉంటే సేవలు అందాలని ఐడియా అనే సమాఖ్య చట్టం కింది నిబంధనలు స్పష్టంగా చెబుతున్నాయి. అలాగే తరగతిలో అదనపు సాయం చేసి చూడటం మంచిదే కానీ, దాన్ని సాకుగా చూపి పరీక్షను వాయిదా వేయకూడదని సమాఖ్య విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు రాసింది. మన రాష్ట్రంలో ఈ వెనకాడే అలవాటుకు ఒక చరిత్ర ఉంది. 2004 నుంచి ఇక్కడ స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం మించకూడదన్నట్టుగా డిస్ట్రిక్టులను లెక్కగట్టారు. 2017లో శాసనసభ దాన్ని నిషేధించింది, అది చట్టవిరుద్ధమని 2018 జనవరిలో సమాఖ్య విద్యాశాఖ తేల్చింది.

చట్టంలో ఎమోషనల్ డిస్టర్బెన్స్ అనే విభాగానికి ఐదు లక్షణాలు చెప్పారు. ఇతర కారణమేదీ లేకుండా నేర్చుకోలేకపోవడం, తోటివారితోనూ టీచర్లతోనూ సంబంధాలు నిలుపుకోలేకపోవడం, మామూలు పరిస్థితుల్లో పొసగని ప్రవర్తన, ఎప్పుడూ కమ్ముకుని ఉండే దిగులు, స్కూలు సమస్యలకు ముడిపడిన భయాలు లేదా శారీరక బాధలు. వీటిలో ఒక్కటి ఉన్నా చాలు కానీ, అది చాలాకాలంగా, తీవ్రంగా ఉండి, చదువును దెబ్బతీస్తూ ఉండాలి. మీ బాబు కడుపునొప్పి చివరి లక్షణానికి, కాగితం చింపడం మూడో దానికి దగ్గరగా ఉన్నాయి. డాక్టరు ఉత్తరం ఎంతో బలం, అయితే అర్హతను నిర్ణయించేది ఆర్డ్ కమిటీ, అందులో మీరూ సభ్యులే. బాబు ప్రవర్తన వెనుక కారణాన్ని వెతికే పరీక్ష కూడా చేయమని ఉత్తరంలోనే అడగండి. తప్పు దిద్దినప్పుడే ఎందుకు బెదిరిపోతున్నాడో తెలియకుండా రాసే ఐఈపీ (పిల్లవాడికి ఇవ్వాల్సిన సేవలనూ లక్ష్యాలనూ రాసే ప్రణాళిక) వల్ల ఉపయోగం తక్కువ. మీ ఇంట్లో పెద్దవారెవరైనా మీటింగుకు వచ్చి, తెలుగులో వినాలనుకుంటే దుబాసీని ఏర్పాటు చేయమని ముందే రాయవచ్చు.

జవాబు 3: ఒక తండ్రి, న్యూజెర్సీ

ముద్ర గురించి ఒక మాట చెబుతాను. మా ఇంట్లో ఆ భయం నాదే. ఐఈపీ వద్దు, 504 ప్లాన్ (వైకల్యమున్న పిల్లలకు వెసులుబాట్లు ఇచ్చే మరో ఏర్పాటు) చాలని నేనే పట్టుబట్టాను. ఆ ప్లాన్‌లో పరీక్షకు ఎక్కువ సమయం, విరామాలు వంటి వెసులుబాట్లు వచ్చాయి. కానీ మా వాడికి కావలసింది కోపాన్ని, భయాన్ని అదుపులో పెట్టుకోవడం ఎవరైనా కూర్చోబెట్టి నేర్పించడం. స్కూల్ కౌన్సెలర్‌తో వారం వారం పని, దానికి కొలిచి చూడగల లక్ష్యాలు ఐఈపీతోనే దొరికాయి. తరగతిలో అతన్ని అప్పటికే "ఆ అల్లరి పిల్లవాడు" అంటున్నారు, నేను భయపడిన ముద్ర ఏ కాగితమూ లేకుండానే పడిపోయింది. మీ అత్తగారికి ఇది చెప్పి చూడండి.

మరో ముఖ్య విషయం. సస్పెండ్ చేశామని అనకుండా మధ్యలో ఇంటికి పంపడం కూడా సస్పెన్షన్ కిందకే రావచ్చని 2022లో సమాఖ్య విద్యాశాఖ వివరించింది. మీరు రాతపూర్వకంగా ఆందోళన తెలిపి ఉంటే, అర్హత తేలకముందే క్రమశిక్షణ చర్యల విషయంలో బాబుకు చట్టపు రక్షణ మొదలవుతుంది. అందుకే ఆ ఈమెయిల్‌ను వచ్చే వారానికి వాయిదా వేయకండి. పరీక్ష ఫలితం మీకు సమ్మతం కాకపోతే, డిస్ట్రిక్ట్ ఖర్చుతో బయటి నిపుణుల చేత మళ్లీ చేయించమని అడిగే హక్కు కూడా మీకు ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నిన్న రాత్రి బాబు నిద్రపోయాక మావారూ నేనూ కూర్చుని, ఏడు తేదీలనూ ఫోన్‌లోని కాల్ జాబితా చూసి రాసుకున్నాము. ఈ ఉదయం 8:15కి ప్రిన్సిపాల్‌కూ డైరెక్టరుకూ ఈమెయిల్ పంపాను. అత్తగారికి ఫోను చేసి న్యూజెర్సీ అన్నయ్యగారి మాటలు చదివి వినిపించాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మీటింగు ఏ రోజో చెప్పమన్నారు. పదిహేను పాఠశాల దినాలను క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను, జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.