28 లక్షల ఈవీ (కరెంటు కారు) సరిపోద్దా, 66 లక్షలది తీసుకోవాలా? గుంటూరు – హైదరాబాద్ తిరిగేవాళ్ళు చెప్పండి

మిర్చి_టిక్కీ:
నమస్తే అందరికీ. మాది గుంటూరు, కోల్డ్ స్టోరేజీ వ్యాపారం. ఇప్పుడున్నది డీజిల్ ఫార్చ్యూనర్, ఏడేళ్ళయింది, మార్చాలి. నెలకి రెండుసార్లు హైదరాబాద్, మిగతా రోజులు బెజవాడ, చిలకలూరిపేట, నరసరావుపేట తిరుగుడు, మొత్తం నెలకి రెండు వేల కిలోమీటర్లు అవుద్ది.

పోయిన నెల హైదరాబాద్‌లో మా బావమరిది వాళ్ళ ఫ్రెండ్ కియా ఈవీ6 ఓఆర్ఆర్ మీద కాసేపు తోలనిచ్చాడు. కాలు అట్టా ఆనించానో లేదో వెన్ను సీటుకి అతుక్కుపోయింది, అప్పట్నించీ ఫార్చ్యూనర్ ఎక్కితే ట్రాక్టర్ తోలుతున్నట్టే ఉంది. రేటు చూస్తే 66 లక్షలు ఎక్స్ షోరూమ్. బీవైడీ సీల్ పెర్ఫార్మెన్స్ 53 లక్షలు, 530 హార్స్ పవర్, 0 నుంచి 100కి 3.8 సెకన్లు. ఇంకో పక్క మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీది, టాటా హారియర్ ఈవీ రెండు మోటార్లది 27, 29 లక్షల్లో వచ్చేస్తున్నాయి. మా నాయనేమో "ఆ తేడా డబ్బుతో ఇంకో ఛాంబర్ లేస్తదిరా" అంటన్నాడు. నాకు అర్థం కానిది ఒకటే, ఆ పైన పెట్టే పాతిక నుంచి ముప్పై ఎనిమిది లక్షలు అసలు దేనికి పోతున్నాయి? డీజిల్ మిగులుద్ది గదా అని మనసుకి సర్దిచెప్పుకోవచ్చా? వాడినోళ్ళు చెప్పండి, యూట్యూబ్ చూసి చెప్పేవాళ్ళు వద్దు ప్లీజ్.

బందరు_రోడ్డు_బండోడు:
అన్నా ముందు డీజిల్ లెక్క తీసి పక్కన పెట్టు. ఏడాదికి 24 వేల కిలోమీటర్లు, ఫార్చ్యూనర్ లీటరుకి పది ఇస్తే 2,400 లీటర్లు, అంటే రెండు లక్షల ముప్పై వేల దాకా. ఈవీ యూనిట్‌కి ఐదున్నర కిలోమీటర్లు ఇచ్చిందనుకో, 4,400 యూనిట్లు, ఇంట్లో పై స్లాబులో పది రూపాయల దగ్గర, హైవే మీద దానికి రెట్టింపు పైనే, అన్నీ కలిపి 70, 80 వేలు. మిగిలింది లక్షన్నర. బానే ఉంది, కానీ ఆ లక్షన్నర 28 లక్షల బండి కొన్నా మిగులుద్ది 66 లక్షల బండి కొన్నా మిగులుద్ది, పైగా పెద్ద మోటార్లు వెడల్పు టైర్లు ఉన్నది కాస్త ఎక్కువే తాగుద్ది. కాబట్టి పైన పెట్టే డబ్బుకి డీజిల్ సాకు కుదరదు.

ఇంక స్పీడు సంగతి. పెట్రోల్ బండ్లల్లో నాలుగు సెకన్లలోపు వంద కొట్టాలంటే పెద్ద ఇంజను, మంచి గేర్‌బాక్సు, కోటి పైమాట. ఈవీలో ఇంకో మోటారు తగిలిస్తే అయిపోద్ది, అందుకే సీల్ 53 లక్షలకే అది చేస్తంది, అంటే ఈవీల్లో అన్నిటికన్నా చవకైన వస్తువు స్పీడే. కోటిన్నర పైన పోర్షె టైకాన్ లాంటివాటికి దేనికి పెడతారంటే ఆ స్పీడు మళ్ళీ మళ్ళీ ఇవ్వటానికి. మామూలు ఈవీ నాలుగైదుసార్లు గట్టిగా తొక్కితే మోటారు, బ్యాటరీ వేడెక్కి పవర్ తగ్గించేసుకుంటది. టైకాన్‌ని 2019లో విడుదలకి ముందు రన్‌వే మీద వరసగా 26 సార్లు 0 నుంచి 200కి తోలి చూపించారు, వెనక మోటారుకి రెండు గేర్లు కూడా పెట్టారు. దానికి తగ్గ బ్రేకులు, సస్పెన్షను, కూలింగు, డబ్బంతా అక్కడ ఉంటది. ఇప్పుడు చెప్పు, కాజా టోల్‌గేట్ నుంచి వారధి దాకా నువ్వు 200 ఎన్నిసార్లు కొడతావు? నాలుగు లైన్ల హైవే మీద కార్లకి లిమిట్టే వంద.

ఇంకోటి, నువ్వు చెప్పిన ఈవీ6 కొరియా నుంచి ఓడ మీద పూర్తి బండిగా వస్తది. కియా ఫ్యాక్టరీ మన పెనుకొండలోనే ఉంది, కానీ ఈ బండి అక్కడ తయారవదు. 40 వేల డాలర్లు దాటిన బండిని అట్టా తెప్పిస్తే కస్టమ్సే దాదాపు బండి విలువంత పడుద్ది. అంటే 66 లక్షల్లో మంచి ముక్క సుంకానికే పోద్ది. బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్ చెన్నైలో బిగిస్తున్నారు కాబట్టే 49 లక్షలకి దిగింది. అదేమో 204 హార్స్ పవరే, నీకు ఆ కిక్కు రాదు.

పటమట_చార్జర్:
నేను వాడుతున్నా. కంపెనీ పేరు అడగొద్దు. యూరప్ బండి, రెండు మోటార్లు, ఫస్ట్ ఓనర్ దగ్గర రెండేళ్ళ తర్వాత తీసుకున్నా, ఆయన పెట్టిన దాంట్లో సగం కన్నా కొంచెం ఎక్కువకి ఇచ్చాడు, అంటే ఆయన పుణ్యమా అని నాకు ముప్పై లక్షలు కలిసొచ్చింది. బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ, నా పేరు మీదకి మారింది. కొత్తది కొని ఆ నష్టం నువ్వు మోయటం దేనికి, ఆలోచించు.

బండి మాత్రం బంగారం. హైదరాబాద్ వెళ్ళి దిగితే ఒళ్ళు నొప్పులుండవు, లోపల లారీ హారన్ కూడా ఎక్కడో దూరంగా వినపడుద్ది. మే నెలలో ఎండ 45 డిగ్రీలున్నప్పుడు కూడా బ్యాటరీ గొడవ చేయలా.

కష్టాలు వేరే ఉన్నయ్. ఒకటి చార్జర్లు. మా బండి 200 కిలోవాట్లు తీసుకోగలదు అని పేపర్ మీద ఉంటది, నేను ఎన్‌హెచ్ 65 (బెజవాడ – హైదరాబాద్ హైవే) మీద పెట్టినవాటిల్లో ఎక్కువ 60 కిలోవాట్లవి. ఈవీ6లో ఉండే 84 యూనిట్ల బ్యాటరీ 10 నుంచి 80 శాతానికి ఎక్కాలంటే 59 యూనిట్లు, 350 కిలోవాట్ల మిషన్ దగ్గర 18 నిమిషాలు అంటారు, 60 దాని మీద గంట, పక్కన ఇంకోడు రెండో గన్ను పెట్టాడా పవర్ సగమై రెండు గంటలు. ఆ టైములో 28 లక్షల బండోడూ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే టీ తాగుతాం. ఒకసారి సూర్యాపేట అవతల రాత్రి పదకొండింటికి మిషన్ పనిచేయక, కస్టమర్ కేర్ వాడు "సార్ రీస్టార్ట్ చేయండి" అనీ, నేను "ఎట్టా చేయమంటావు, అది నా బండి కాదు మీ మిషన్" అనీ, అదంతా పెద్ద కథ.

రెండోది రిపేరు. డ్రైవ్ మోడ్‌లో ఏదో ఎర్రర్ వచ్చింది, బెజవాడలో చూసేవాడు లేడు, ఫ్లాట్‌బెడ్ మీద హైదరాబాద్ పంపారు, పందొమ్మిది రోజులు. చివరికి ఏదో సాఫ్ట్‌వేర్ అన్నారు. టైర్లు 22 వేల కిలోమీటర్లకే అరిగినయ్, బండి బరువు రెండు టన్నుల పైన, ఆ టార్క్‌తో మనం ఊరుకోంగదా. సెట్టు రేటు విని మా ఆవిడ ఒకరోజు మాట్లాడలా. స్పీడ్ బ్రేకర్లయితే మా వీధిలో అడ్డంగా తీసుకెళ్ళి దింపాలి. సీల్ గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు) 145 మిల్లీమీటర్లు, బీఈ 6 207, నరసరావుపేట పల్లెల్లోకి వెళ్ళేవాడివి అది చూసుకో.

జమాఖర్చు:
ఆడిటర్ పని చేస్తా, అందుకని ఇంకో కోణం. మిర్చి గారూ, బండి ఫర్మ్ పేరు మీద తీసుకుంటున్నారా మీ పేరు మీదా? ఎలక్ట్రిక్ బండికి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో డిప్రిసియేషన్ (అరుగుదల కింద ఏటా రాసుకునే ఖర్చు) 40 శాతం, మామూలు కారుకి 15. 60 లక్షల బండికి మొదటి ఏడు 24 లక్షలు, రెండో ఏడు 14 లక్షల 40 వేలు ఖర్చు కింద రాయొచ్చు, ఆ ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే సగమే. 30 శాతం స్లాబులో ఉంటే రెండేళ్ళలో పన్ను పదకొండున్నర లక్షలు తగ్గుద్ది. సొంత వాడకం ఉంటే ఆఫీసరు కొంత కొట్టేయొచ్చు, అమ్మినప్పుడు కూడా లెక్కలోకి వస్తది, ఇదేం ఉచితం కాదు. జీఎస్టీ ఇన్‌పుట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవటం) మాత్రం కారుకి రాదు, షోరూమ్ వాడు ఏం చెప్పినా నమ్మొద్దు. లోను వడ్డీ మీద లక్షన్నర మినహాయింపు 2023 మార్చి లోపు శాంక్షన్ అయిన లోన్లకే, అది అయిపోయింది.

ఒక మాట ఖరీదైన బండి వైపు కూడా చెప్పాలి. దాన్ని 28 లక్షల ఈవీతో పోలిస్తే దండగే, 66 లక్షల పెట్రోల్ జర్మన్ బండితో పోలిస్తే కాదు. పెద్ద పెట్రోల్ బండికి 2025 సెప్టెంబర్ నుంచి జీఎస్టీ 40 శాతం, ఈవీకి ఎంత ఖరీదైనా 5. మీరు దేని బదులు దీన్ని కొంటున్నారనే దాని మీద ఉంది.

బ్రాడీపేట_కుర్రోడు:
అందరూ లెక్కలే చెప్తున్నారేంటి బాబాయ్. ఫార్చ్యూనర్ కొన్నప్పుడు ఇట్టాగే లీటర్లు లెక్కేసుకుని కొన్నావా? పెళ్ళికి వెళ్తే గేటు దగ్గర ఎవరైనా డిప్రిసియేషన్ అడిగారా? ఈవీ6 తోలిన కాడ్నించీ నీ మనసంతా దాని మీదే ఉంది, ఇరవై ఎనిమిది లక్షలు పెట్టి కూడా నిద్ర పట్టకపోతే అది పెద్ద నష్టం. ఉన్నోడివి, సీల్ తీసుకో, ఒక రౌండ్ నాకియ్యి.

బందరు_రోడ్డు_బండోడు:
కుర్రోడా, నీ మాటలో కూడా న్యాయం ఉంది గానీ, కిక్కు కావాలంటే రెండు మోటార్ల హారియర్ ఈవీ 6.3 సెకన్లు, ఫార్చ్యూనర్ నుంచి దిగేవాడికి అదే రాకెట్. బీఈ 6 286 హార్స్ పవర్, చార్జింగ్ కూడా 175 కిలోవాట్ల దాకా తీసుకుంటది. 3.8కీ 6.3కీ తేడా మొదటి వారం తెలుస్తది, తర్వాత పక్క సీట్లో మీ ఆవిడ ఉంటే రెండూ ఒకటే, "నెమ్మదిగా" అని ఒక్క అరుపుకి 60లోకి వచ్చేస్తావు.

మిర్చి_టిక్కీ:
అందరికీ థాంక్స్. అప్‌డేట్: ఆదివారం నాయన్ని తీసుకుని బెజవాడ వచ్చి సీల్ చూశాం. తోలితే ఏం చెప్పను, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఒక్కసారి తొక్కా, నాయన పైన హ్యాండిల్ పట్టుకుని దుర్గమ్మ తల్లిని తలుచుకున్నాడు. దిగి ఒకటే మాట, "వెనక కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగుల్తున్నయ్‌రా, ఎన్ని గుర్రాలుంటే నాకేం". కింద బ్యాటరీ ఉండి ఫ్లోర్ ఎత్తుగా ఉంది, తొడల కింద ఆసరా లేదు, అది నిజం. ఆడిటర్ గారూ, ఫర్మ్ పేరు మీదే తీసుకుంటా. పటమట అన్నా, మీరు చెప్పిన సెకండ్ హ్యాండ్ ఐడియా నాకు బాగా పట్టింది గానీ ఆ పందొమ్మిది రోజులు విన్నాక నాయన దగ్గర ఆ మాట ఎత్తే ధైర్యం లేదు. వచ్చే వారం హారియర్ రెండు మోటార్లది టెస్ట్ డ్రైవ్. కోల్డ్ స్టోరేజీ దగ్గర త్రీ ఫేజ్ ఎట్టాగూ ఉంది, అక్కడ చార్జర్ పెట్టుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే, సీపీడీసీఎల్ (మా కరెంటు సంస్థ) వాళ్ళు వేరే మీటర్ అడుగుతారా ఉన్నదాంట్లోనే లోడ్ పెంచుతారా చెప్పండి.