రూఫ్ రెయిల్స్, అద్దాల బీడింగు మీద తెల్లమచ్చలు: ఏ పాలిష్‌కీ లొంగట్లేదు

పెదవాల్తేరు_బండి:
ఎనిమిదేళ్ల ఎస్‌యూవీ అండి. సముద్రానికి దగ్గర్లో, ఆరుబయటే పార్కింగు. రూఫ్ రెయిల్స్ మీద, అద్దాల కింద బీడింగు మీద సున్నం చిమ్మినట్టు తెల్లమచ్చలు. అయస్కాంతం అంటుకోవట్లేదు కాబట్టి అల్యూమినియమే అనుకుంటున్నా. మెటల్ పాలిష్ పెట్టి అరగంట రుద్దినా మచ్చ అలాగే ఉంది, గుడ్డకి మాత్రం ఏమీ అంటలేదు. తడిపితే మచ్చ మాయం, ఆరగానే మళ్లీ ప్రత్యక్షం. ఏం చేస్తే మెరుపు వస్తుంది?

గాజువాక_ఫిట్టర్:
అయస్కాంతం ఒక్కదాన్నీ నమ్మకండి, స్టెయిన్‌లెస్‌లో కొన్ని రకాలకీ అంటుకోదు. కానీ స్టెయిన్‌లెస్ ఇలా తెల్లగా పొడిబారదు, మీది అల్యూమినియమే. అసలు సంగతి మీ గుడ్డే చెప్పేసింది. వట్టి అల్యూమినియమైతే పాలిష్ పెట్టిన నిమిషంలోనే గుడ్డ నల్లబడాలి. నల్లబడలేదంటే పైన అనోడైజింగ్ పొర ఉంది. మల్టీమీటర్ ఉంటే కంటిన్యుటీలో (కరెంటు పారితే బీప్ కొట్టే సెట్టింగులో) పెట్టి రెండు ముళ్లూ గీత పడకుండా మెల్లగా ఆనించండి. బీప్ రాకపోతే పొర ఉన్నట్టే.

ఆ పొర కరెంటుతో పెంచిన ఆక్సైడ్. గట్టిదే గానీ పీహెచ్ 4కి కిందా (ఘాటు ఆమ్లంలో), 8.5కి పైనా (క్షారంలో) నిలవదు. ఘాటు వాషింగ్ సోడా, కాస్టిక్ కలిసిన ఫోమ్, పక్కన కట్టే బిల్డింగు నుంచి కారే సిమెంటు నీళ్లు దాన్ని తినేస్తాయి. ఆ గరుకులోకి సముద్రపు ఉప్పు దిగి లోపలి లోహాన్ని గుంటలు గుంటలుగా కొరుకుతుంది. మచ్చ పొరలోనే ఉంది కాబట్టి పైపైన ఎంత రుద్దినా పోదు. పొర తీసి లోహాన్ని పాలిష్ చేయాలి, లేదంటే తీయించి మళ్లీ అనోడైజ్ చేయించాలి.

చింతపండు, ఉప్పు జోలికి పోకండి. ఇత్తడి బిందెకి బాగుంటుంది గానీ అల్యూమినియానికి ఆ ఉప్పే శత్రువు. బాత్‌రూమ్ యాసిడ్ అయితే అసలే వద్దు.

బఫ్_వీల్:
పైన చెప్పింది కరెక్టు. పని ఇలా చేయండి.

ముందు రెయిల్స్, బీడింగు పట్టీలు బండి నుంచి ఊడదీయాలి. ఎనిమిదేళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు విరుగుతాయి, కొత్తవి ముందే తెచ్చి పెట్టుకోండి. పొడుగు పట్టీ మునగడానికి 4 అంగుళాల పీవీసీ పైపుకి రెండు చివర్లా మూతలు అతికించి, పైభాగం పొడుగ్గా కోస్తే తొట్టి తయారు. లీటరు చల్లటి నీళ్లకి 50 గ్రాముల కాస్టిక్ సోడా. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు, చిమ్ముతుంది. రబ్బరు గ్లోవ్సు, కళ్లకి గాగుల్స్ తప్పనిసరి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

పట్టీ వేసిన కొత్తలో బుడగలు అక్కడక్కడే వస్తాయి. పొర పోయాక పట్టీ అంతా ఒకేలా నురగెత్తుతుంది. అప్పుడే తీసేయాలి. టైము కాదు, బుడగ చూడాలి. మర్చిపోయి ఎక్కువసేపు వదిలేస్తే పలచటి అంచులు కరిగిపోతాయి. ధారగా కడిగి, తెల్ల వెనిగర్‌తో తుడిచి, మళ్లీ కడగండి. పైన నల్లటి మసి కనిపిస్తే కంగారు పడకండి, వాటర్ పేపర్‌తో పోతుంది.

గుంటలు లోతుగా ఉంటే 320 నంబరు వాటర్ పేపరు, లేకపోతే 400 నుంచి మొదలుపెట్టి 600, 800, 1000, 1500, 2000. సబ్బునీళ్లతో తడుపుతూ, నంబరు మారినప్పుడల్లా రుద్దే దిక్కు మార్చండి; పాత గీతలన్నీ పోయాకే తర్వాతి పేపరు. చాలామంది 600 నుంచి 1500కి దూకేస్తారు. పాలిష్ పెట్టాక ఎండలో 600 గీతలు బారులు తీరి కనిపిస్తాయి, మళ్లీ మొదటికే రావాలి. స్టీల్ పీచు వాడొద్దు, దాని ఇనప రజను లోహంలో దిగబడి తుప్పు చుక్కలవుతుంది.

బఫింగుకి (తిరిగే గుడ్డ వీల్‌తో మెరుపు పెట్టడానికి) ముందు పట్టీని చెక్కపలక మీద బిగించండి, వట్టి చేత్తో పట్టుకుంటే వీల్ లాగేసి మెలిపెట్టేస్తుంది. వీల్ అంచు మీద నుంచి బయటికి తిరగాలి, అంచుకి ఎదురుగా తిరిగితే పట్టేస్తుంది. ముందు బ్రౌన్ కాంపౌండ్ (వీల్‌కి పట్టించే పాలిష్ ముద్ద), తర్వాత వేరే కాటన్ వీల్ మీద తెల్లది. చివర్లో మైదాపిండి చల్లి మెత్తటి గుడ్డతో తుడిస్తే నల్లటి జిడ్డంతా పీల్చేస్తుంది.

పెదవాల్తేరు_బండి:
చాలా థాంక్సండి. మరి మెరుపు నిలవడానికి పైన క్లియర్ కోట్ (రంగులేని వార్నిష్ పూత) కొట్టించనా?

గాజువాక_ఫిట్టర్:
బీచ్ పక్క బండికి నేనైతే వద్దంటాను. అద్దంలా పాలిష్ చేసిన అల్యూమినియం మీద క్లియర్ కోట్ పట్టు తక్కువ. చిన్న రాయి తగిలి చిట్లిందంటే అక్కడి నుంచి ఉప్పు దూరి, కోట్ కింద పురుగు పాకినట్టు సన్నటి దారాలుగా తుప్పు పాకుతుంది. దాన్ని మళ్లీ తీయడం నరకం. బీడింగుకి నెలకోసారి సీలెంటు గానీ వ్యాక్సు గానీ, వారానికోసారి మంచినీళ్లు. రెయిల్స్‌ని నెలనెలా రుద్దే ఓపిక లేకపోతే మళ్లీ అనోడైజ్ చేయించడమే మేలు. పాలిష్ చేసి ఇవ్వండి, గీత ఉంటే పొర కింద అలాగే కనిపిస్తుంది.

బఫ్_వీల్:
ఒక్కటి మర్చిపోయా. తిరిగి బిగించేటప్పుడు స్టీలు స్క్రూ నేరుగా అల్యూమినియానికి తగలకూడదు. ఉప్పు తేమ చేరితే రెండు లోహాల మధ్య బ్యాటరీలా పనిచేసి స్క్రూ చుట్టూ అల్యూమినియమే తినేస్తుంది. నైలాన్ వాషర్ వేసి, మరలకి కాస్త గ్రీజు పూసి బిగించండి.