అప్‌డేట్: పెళ్లి సందడికి స్టీరియో మైకే కొన్నాను

కెమెరా మీద పెట్టడానికి షాట్‌గన్ మైక్ (ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) కొనాలా, స్టీరియోనా (ఎడమ, కుడి శబ్దాలను విడివిడిగా పట్టేది) అని పోయిన నెల అడిగాను కదా. చివరికి సెకండ్ హ్యాండ్‌లో రోడ్ స్టీరియో వీడియోమైక్ ప్రో తీసుకున్నాను. మొన్న గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని కూతురి పెళ్లికి వాడాను.

కన్యాదానం దాకా హాయిగా నడిచింది. ఎడమ చెవిలో పంతులుగారి మంత్రాలు, కుడి చెవిలో పేరంటాళ్ల గుసగుసలు! ముహూర్తానికి గట్టిమేళం అందుకోగానే శబ్దం మరీ ఎక్కువై కెమెరాలో సౌండ్ మీటర్ ఎర్రబడింది. గబుక్కున మైక్ వెనక స్విచ్‌ను శబ్దం తగ్గించే మైనస్ 10 డీబీ (డెసిబెల్స్)కి దించాను. కెమెరాలో ఆటో గెయిన్ (శబ్దం స్థాయిని కెమెరాయే పెంచి తగ్గించడం) ముందే ఆపేశాను కాబట్టి సరిపోయింది. మైక్‌లో బొంగురు శబ్దాలను తగ్గించే 75 హెర్ట్జ్ ఫిల్టర్ వేసినా కూలర్ల హోరు కొంతే తగ్గింది. దూరం నుంచి మాటలకు మాత్రం స్టీరియో పనికిరాదు, పెళ్లికొడుకు ఏమన్నాడో ఇప్పటికీ తెలియదు.

అన్నట్టు, 9 వోల్ట్ బ్యాటరీ ఇంకోటి జేబులో ఉంచుకోండి. నాది సరిగ్గా అప్పగింతలప్పుడే అయిపోయింది.