అప్‌డేట్: ‘వోలటిలిటీ’కి తెలుగులో ఏ మాట నిలిచిందంటే

షేర్ల ధరల గురించిన వ్యాసాన్ని అనువదిస్తూ, ‘వోలటిలిటీ’ని ‘చంచలత్వం’ అనవచ్చా అని ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. చివరికి ‘ఒడుదొడుకులు’ అన్న సూచనే నిలిచింది. వ్యాసాన్ని సరిచూసిన సంపాదకురాలు కూడా దానికే ఓటు వేశారు.

ఆమె చెప్పిన కారణం నాకు ఎంతో నచ్చింది. చంచలత్వం మనసుకు చెందిన మాట, అందులో కాస్త నింద ఉంది. ఇంగ్లీషులో దానికి దగ్గరైనది ‘ఫికిల్‌నెస్’. ధరల విషయంలో నింద లేదు. అవి ఎంత వేగంగా, ఎంత ఎక్కువగా పైకీ కిందికీ కదులుతున్నాయన్నదే వోలటిలిటీ. షేర్ల ధరల సూచీ ఒక్కసారిగా ఎగబాకినా అదే మాట వాడతారు. అందుకే కొందరు సూచించిన ‘పతనం’ కుదరలేదు. ‘వారమంతా ధరలు తీవ్ర ఒడుదొడుకులకు లోనయ్యాయి’ అని రాశాక వాక్యం హాయిగా సాగింది.

లాటిన్‌లో ‘ఎగరడం’ అనే అర్థమున్న ధాతువు నుంచి ‘వోలటిలిటీ’ వచ్చిందన్న చర్చ చదవడానికి బాగుంది కానీ, ఈ వ్యాసానికి అక్కరకు రాలేదు. ఒక్క జాగ్రత్త: ఇంగ్లీషులో ఈ మాటను వేరే అర్థాల్లోనూ వాడతారు. పెట్రోలు వంటి ద్రవాలు త్వరగా ఆవిరయ్యే గుణానికి ‘బాష్పశీలత’ అనాలి. కరెంటు పోగానే చెరిగిపోయే కంప్యూటర్ మెమరీకి ‘అస్థిర’ నప్పుతుంది. ఈ రెండు చోట్లా ఒడుదొడుకులు పనికిరాదు.