నీటి మీద తళతళకి పోలరైజ్డ్ కళ్లద్దాలు: ఏ రంగు, ఎంత నలుపు?

బెండుచూపు:
అందరికీ నమస్కారం. నాది చిన్న పడవ, ఎక్కువగా ఒక్కడినే గాలానికి వెళతాను. ఎక్కడా నీడ లేని పెద్ద నీళ్లు, లోతు కూడా ఎక్కువే. పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా అక్కడే. పది దాటితే నీళ్లంతా అద్దంలా మెరుస్తాయి, బెండు మునిగిందో తేలిందో తెలియదు. కళ్లు చికిలించి చూసీ చూసీ సాయంత్రానికి తలనొప్పి.

పోయినసారి కూలింగ్ గ్లాసెస్ కొనేటప్పుడు షాపులో అన్నిటికన్నా నల్లగా ఉన్నవే తీసుకున్నాను. ఎండ తగ్గినట్టు అనిపించింది గానీ తళతళ అలాగే ఉంది, బెండు ఇంకా మసకబారింది. ఈసారి పోలరైజ్డ్ తీసుకోవాలని ఉంది. గ్రే మంచిదా, బ్రౌన్ మంచిదా? పైన అద్దంలా మెరిసే మిర్రర్ కోటింగ్ వల్ల ఉపయోగం ఉందా? గాజు లెన్స్ తీసుకోనా, ప్లాస్టిక్ తీసుకోనా? నాకు దూరం చూపుకి మైనస్ 1.75 పవర్ కూడా ఉంది.

ఒడ్డుగాలి:
నేను బ్రౌన్ వాడతాను, మార్చే ఉద్దేశం లేదు. ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో నిలబడి వేస్తాను కాబట్టి అడుగున రాయేదో, చేపేదో విడిగా తెలియాలి. బ్రౌన్ వేసుకుంటే ఆ తేడా బాగా తెలుస్తుంది. మబ్బు పట్టినా తీయక్కర్లేదు.

పాతపడవ:
బెండుచూపు గారూ, మీ తలనొప్పి చదివితే నా పాతరోజులు గుర్తొచ్చాయి. దాదాపు ఇరవై ఏళ్లు కళ్లకి ఏమీ పెట్టుకోకుండా నీళ్ల మీద తిరిగాను. ఎడమ కంట్లో ముక్కు వైపు నుంచి తెల్లగా కండ పెరిగింది. డాక్టరు దాన్ని టెరీజియం అన్నారు, ఎండా గాలీ ఎక్కువగా తగిలేవాళ్లకి వస్తుందని చెప్పారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నలుపు వేరు, పోలరైజ్డ్ వేరు, యూవీని (ఎండలో కంటికి కనబడని హానికర కిరణాల్ని) ఆపడం వేరు. ఒకటి ఉంటే మిగతా రెండూ ఉన్నట్టు కాదు. నల్ల అద్దం అన్ని వెలుగుల్నీ ఒకే లెక్కన తగ్గిస్తుంది. తళతళ సగమైతే బెండు నుంచి వచ్చే వెలుగూ సగమవుతుంది, ఇక మీకు ఒరిగేదేముంది? పోలరైజ్డ్ పని వేరు. నీటి మీద పడి తిరిగి వచ్చే వెలుగు చాలావరకు అడ్డంగా కంపిస్తూ వస్తుంది. ఈ లెన్స్ దాన్ని ఆపి, నిలువుగా కంపించే వెలుగునే లోపలికి వదులుతుంది. బెండు నుంచి వచ్చే వెలుగు రెండు రకాలూ కలిసి ఉంటుంది కాబట్టి అందులో నిలువుగా కంపించే భాగం ఎలాగూ కంటికి చేరుతుంది. తళతళ మాత్రం దానికన్నా ఎక్కువగా తగ్గిపోతుంది.

అయితే ఇది అన్ని కోణాల్లో ఒకేలా పనిచేయదు. 1815లో డేవిడ్ బ్రూస్టర్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త తేల్చిన లెక్క ఇది. నీళ్లు కదలకుండా ఉంటే, మీ కన్ను నీటికి ఎంత ఎత్తులో ఉందో దానికి 1.33 రెట్ల దూరంలో తళతళ దాదాపు పూర్తిగా పోతుంది. పడవలో కూర్చుంటే నా కన్ను నీటికి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, అంటే నాకు బాగా కనబడేది 1.2 మీటర్ల దగ్గర. అంతకన్నా దూరం పోయేకొద్దీ ప్రభావం తగ్గుతుంది. 15 మీటర్ల అవతల నిశ్చలమైన నీటి మీద బెండు వేసి, పోలరైజ్డ్ పెట్టుకున్నా తళతళ పోలేదని అద్దాల్ని తప్పుపట్టకండి. కొంచెం ఎత్తులో కూర్చోండి, లేదా బెండుని దగ్గరికి వేయండి. నేను పడవలో కూర్చునే పలకని ఒక జానెడు పైకి లేపాను, ఆ ఒక్క జానెడే నాకు చాలా సాయపడింది.

నలుపు సంగతికొస్తే, లెన్స్ మీద కేటగిరీ నంబరు చూడండి. 3 అంటే 8 నుంచి 18 శాతం వెలుగు లోపలికి వస్తుంది, మీకు అది సరిపోతుంది. 4 అంటే 3 నుంచి 8 శాతమే. వాటితో బండి నడపకూడదు. యూవీ 400 అని రాసి ఉండాలి, అంటే ఆ కిరణాల్ని ఆపుతుందని. ఇది తప్పనిసరి. యూవీని ఆపని నల్లద్దం మామూలుగా చూడటం కన్నా హానికరం కావచ్చు, ఎందుకంటే చీకటికి కంటిపాప పెద్దదై ఆ కిరణాలు ఇంకా ఎక్కువ లోపలికి పోవచ్చు.

రంగు విషయంలో ఒడ్డుగాలి గారు చెప్పింది ఆయన నీళ్లకి నిజమే. బ్రౌన్ నీలం వెలుగుని తగ్గించి తేడాలు స్పష్టం చేస్తుంది. మీరు మాత్రం లోతు నీళ్ల మీద, ఎండ మండే వేళ బెండు కొసని చూస్తున్నారు. నేనైతే మీకు గ్రే చెబుతాను. రంగులు మారవు, ఎర్ర కొస ఎర్రగానే కనబడుతుంది, గంటల తరబడి పెట్టుకున్నా కళ్లు అలసిపోవు. తెల్లవారుజామున వెళ్లే అలవాటుంటే పసుపు లెన్స్ వేరే జత ఉండాలి. మిర్రర్ కోటింగ్ ముందు నుంచి వచ్చే వెలుగుని ఇంకాస్త తగ్గిస్తుంది, అంతే. అది గీతలు పడితే మహా చికాకు. దానికన్నా లెన్స్ వెనక వైపు, అంటే కంటి వైపు, ప్రతిబింబాలు రాని కోటింగ్ ఉందేమో అడగండి. పక్కల నుంచీ, బుగ్గల కింద నుంచీ వెలుగు దూరకుండా ఫ్రేమ్ ముఖానికి ఒదిగి ఉండాలి. నీటి మీద నుంచి పైకి ఎగిరే వెలుగు ఆ సందుల్లోంచే వస్తుంది.

గాజు చాలా స్పష్టంగా ఉంటుంది, గీతలూ త్వరగా పడవు. కానీ ఒకసారి నా గాలం రాళ్లలో ఇరుక్కుంటే గట్టిగా లాగాను. సీసపు గుండు ఊడి వచ్చి కుడి అద్దానికి తగిలింది. అది పాలీకార్బనేట్ అనే గట్టి ప్లాస్టిక్ కాబట్టి చిన్న గుంట పడి ఊరుకుంది. ఒంటరిగా పడవలో ఉండే మీరు గాజు తీసుకోకండి, నా మాట వినండి.

జంటఅద్దాలు:
పవర్ గురించి నేను చెబుతాను, నాదీ మైనస్ 2. పోలరైజ్డ్ లెన్స్ పవర్‌తోనే చేయించుకోవచ్చు. ముఖానికి మరీ చుట్టుకునే ఫ్రేమ్ అయితే అంచుల్లో వంకరగా కనబడొచ్చు, ఆప్టీషియన్‌ని ముందే అడగండి. ఉన్న కళ్లజోడు మీద తగిలించుకునే క్లిప్‌తో కూడా నేను రెండేళ్లు నడిపాను, పక్కల నుంచి వెలుగు రావడమే దానితో ఇబ్బంది.

కొనేముందు ఒక పరీక్ష. షాపులో నున్నటి గచ్చు మీద వెలుగు మెరిసే చోటుని అద్దాల్లోంచి చూస్తూ, తల మెల్లగా పక్కకి వంచండి. మెరుపు తగ్గుతూ పెరుగుతూ ఉండాలి. రెండు కళ్లలోనూ ఒకే సమయంలో ఆ మార్పు రావాలి. ఒక కంటిలో ముందు, ఇంకో కంటిలో తర్వాత వస్తే లెన్సులు సరిగ్గా బిగించలేదని అర్థం, అవి తలనొప్పి తెస్తాయి. పడవలో చేపల జాడ చూపే స్క్రీన్ ఉంటే దాన్ని కూడా చూడండి, కొన్ని ఒక కోణంలో నల్లగా కనబడతాయి.

బెండుచూపు:
ఇంత ఓపిగ్గా రాసినందుకు చాలా కృతజ్ఞతలు. పాతపడవ గారూ, ఇవాళ తెలిసినవాళ్ల దగ్గర గ్రే పోలరైజ్డ్ జత ఒకటి అడిగి తీసుకెళ్లాను. పవర్ లేదు కాబట్టి దూరం మసకే, కానీ పడవ పక్కన రెండు మీటర్ల లోపల నీటి కింది నాచు మొదటిసారి కనబడింది. బెండు 12 మీటర్ల దూరంలో వేస్తే మీరన్నట్టే తళతళ ఇంకా ఉంది, 6 మీటర్లకి తెచ్చేసరికి కొస ఊగడం తెలిసింది. తుడిచేటప్పుడు ఏమైనా జాగ్రత్త ఉందా? చొక్కాతో తుడిచేశాను.

పాతపడవ:
చొక్కాతో వద్దు. ముందు మంచినీళ్లు పోసి కడగండి, ఉప్పూ ఇసుకా జారిపోయాక మెత్తని గుడ్డతో అద్దండి. ఎండలో ఆపిన బండి డాష్‌బోర్డు మీద పెట్టకండి, ఆ వేడికి లోపలి పొర ఊడి అంచుల్లో బుడగలు వస్తాయి. నా రెండో జత అలాగే పోయింది.